రొమ్ములకి ఆపరేషన్, కంటికి కట్టు

నవ్వకుండా వింటామంటేనే చెప్తా. ముందు ఆ కాఫీ గ్లాసులు కింద పెట్టండి, నవ్వితే ముక్కుల్లోకి పోతాది. మద్రాసులో నన్ను పడుకోబెట్టి, మత్తిచ్చి, కత్తి పెట్టి కోసినాడే డాక్టరు, ఆయప్ప వల్ల నాకి వెంట్రుకంత కష్టం రాలే. కష్టమంతా ఊరికొచ్చినాకనే! మా అత్త వల్ల, ఎదురింటి ఓబుళమ్మ వల్ల, అందరికన్నా ముందు ఈ నా పాడు నోటి వల్ల!

నా సంగతి మీకు తెలీందేముంది. నాకి పెద్ద రొమ్ములు. సిగ్గుపడి ఏం లాభం, ఉండేదే చెప్తాండా. పెండ్లయ్యేనాటికే నా రైకకి గుడ్డ చాలదని కుట్టే ఆయప్ప గొణిగేవాడు. ఇద్దరు బిడ్డల తల్లినయినాక ఇంగ చెప్పల్లనా! నలభై దాటేసరికి మెడ వంగిపాయ, వీపు పట్టుకుపాయ. శెనక్కాయ చేన్లో వంగితే నన్ను లేపేకి ఇద్దరు రావల్ల. ఎండాకాలమొస్తే మన సీమ ఎండ తెల్సు గదా, కింద చెమట నిలబడి, తోలు తోలు ఒరుసుకోని పుండ్లు. పసుపు పెడ్తిని, కొబ్బరినూనె పూస్తిని, వేపాకు నూరి పట్టేస్తిని. పది దినాలు మానేది, మళ్లా రేగేది. ఇంత బాధ పడుతాంటే, ఊర్లో ఆడోళ్లు ఏమనేవాళ్లో తెల్సునా? "లచ్చుమక్కకేంలే, దేవుడు చేతికి ఎముక లేకుండా ఇచ్చినాడు!" అనేది, కిసకిసా నవ్వేది. మీకు రెండు దినాలు అరువిస్తా, మోసి చూడండే అనిపించేది నాకి!

ఆ పుండ్లు చూపిచ్చేకే కడపలో డాక్టరమ్మ దగ్గరికి పోయినా. ఆ తల్లి చూసి, వీపు నొక్కి, "ఇది పూత మందులతో పోయేది కాదమ్మా. మద్రాసులో ఆపరేషన్ చేసి రొమ్ములు తగ్గిస్తారు. బరువు తగ్గితే వీపు నొప్పీ పోతుంది, పుండ్లూ పోతాయి" అనె.

తగ్గిస్తారా! అట్లాంటిది ఒగటుందని నాకి అప్పటిదాకా తెలియనే తెలియదు.

ఇంటికొచ్చి మా రెడ్డితో చెప్తిని. మా రెడ్డంటే నా మొగుడే. పాపం మెత్తని మనిషి. అయినా ఏమన్యాడు? "ఇన్నేండ్లు మోసినావు గదమే, ఇంగ ఈ వయసులో ఎందుకు?" అన్యాడు. నాకి ఒళ్లు కాలుకొచ్చింది.

"ఏమప్పా, నీ ఎద్దుకు మెడ మింద పుండు పడితే నెల దినాలు కాడి కట్టవే! మందు పూస్తావు, మేత నోటికందిస్తావు, పక్కన కూర్చోని ఈగలు తోలతావు. నేనేమన్నా నీ ఎద్దుకన్నా తీసిపోయినానా?" అని అడిగినా.

ఆయప్ప కడప బస్సు ఎన్ని గంటలకో కనుక్కునేకి పాయ.

సరే, పోవల్లని తేలిపాయ. ఊరికేం చెప్పల్ల? మా ఊరు ఎట్లాంటిదంటే, ఒగామె పండ్లు కట్టిచ్చుకోని వచ్చిందని, ఆమె పేరే మర్చిపోయి కట్టుడుపండ్లామె అంటారు. ఆమె మనవరాలికి సంబంధమొచ్చినా కట్టుడుపండ్లామె మనవరాలే. ఇంగ నేను రొమ్ములు కోయిచ్చుకోని వచ్చినానని తెలిస్తే నా పేరేమైతాదో మీరే అనుకోండి!

మా రెడ్డి అన్యాడు, "వీపుకి ఆపరేషన్ అని చెప్దాంమే. నిజానికి దగ్గరగా ఉంటాది. బరువెత్తమని ఎవరూ అడగరు."

"నీకేం తెల్సు, గమ్మునుండు!" అంటి నేను. "వీపంటే రైక విప్పి చూపిచ్చమంటారు. కంట్లో పొరొచ్చింది, తీపిచ్చుకునేకి పోతాండా అని చెప్తా. కంటి మింద గుడ్డ కనపడితే చాలు, అందరూ నమ్ముతారు. కింద ఏముందని ఎవరూ అడగరు."

ఎంత తెలివో చూడండి! ఆ పొద్దు ఆ మనిషి మాట వినింటే నాకీ గతి పట్టుతాండెనా?

మద్రాసు సంగతి బిరీన చెప్తా. మత్తులోంచి లేస్తే ఎదాన రోలు పెట్టినట్టుండె. రెండు పక్కలా రబ్బరు గొట్టాలు, వాటిల్లోంచి ఎర్రగా నీళ్లు. ఎదంతా గట్టిగా చుట్టిన గుడ్డ. బోర్లా తిరిగేకి లేదు, పక్కకి తిరిగేకి లేదు, మిద్దె దూలాలు లెక్కపెట్టుకుంటా వెల్లకిలా పడుకోవల్ల. మూడో దినం ఊరికే ఏడుపొచ్చె. ఎందుకొచ్చిందని అడగద్దు, నొప్పి కూడా అంత లేదు. ఊరికే! మా రెడ్డి హడలిపోయి ఇడ్లీలు తెచ్చిపెట్టె. ఇడ్లీలు చూసి ఇంగా ఏడ్చినా. నర్సమ్మ నెల్లూరామె, "అందరూ ఏడుస్తారమ్మా, రెండు రోజులుంటుంది, పోతుంది" అని చెప్పి, నా ఇడ్లీల్లో ఒగటి తినేసి పాయ.

గుడ్డ విప్పి డ్రెస్సింగ్ చేసినప్పుడు చూస్తే ఒగటి పెద్దది, ఒగటి చిన్నది! ఇదేం పని, కొలత తెలియదా ఈళ్లకి అని అరిస్తి. "వాపమ్మా వాపు! రెండూ ఒకేసారి తగ్గవు. మూడు నెలలకి సర్దుకుంటాయి" అనె ఆమె. పక్కల్లో రవంత మేర తిమ్మిరి, ముట్టుకుంటే ఏమీ తెలియదు. కుట్లు ఆరే చోట దురద! గోక్కోగూడదంట. అదీ ఒగ శిక్షే.

అయితే ఒగ మాట చెప్తా వినండి. గొట్టాలు తీసినాక నన్ను లేపి నిలబెట్టిరి. తల దించి కిందికి చూస్తి. నా కాళ్లు నాకి కనపడె! మెట్టెలు కనపడె! ఎన్నేండ్లయిందో నిలబడి నా మెట్టెలు నేను చూసుకోని. వీపు మింద నుంచి ఎవరో మూట దించినట్టుండె. ఆడనే నిలబడి మళ్లా ఏడ్చినా, ఈ తూరి సంతోషానికి.

పంపిచ్చేటప్పుడు నెల్లూరామె వేలు చూపిచ్చి చెప్పింది. "ఆరు వారాలు చేతులు భుజం పైకి ఎత్తకూడదు. బిందె పట్టకూడదు. తల కూడా నువ్వు దువ్వుకోకూడదు. పైన కుట్లు తీసేశాం గానీ, కోతలన్నీ కింద కలిసే చోట ఇంకా పచ్చిగానే ఉంది. అక్కడ తెగితే చీము పట్టి మళ్లీ ఇక్కడికే రావాలి. అప్పుడు నేను ఇంత మెత్తగా మాట్లాడను."

మళ్లా ఆ మంచం, ఆ గొట్టాలు! వద్దు దేవుడా అని మా రెడ్డిని కింద కూర్చోబెట్టి తలమింద చెయ్యిపెట్టి ఒట్టేసినా. ఆరు వారాలు చెయ్యెత్తితే ఒట్టని.

ఊరికొచ్చిన దినమే, కడప స్టేషన్లో రైలు దిగినాక, ఎడమ కంటికి తెల్లగుడ్డ కట్టిచ్చుకోని, పైట భుజాల చుట్టూ నిండుగా కప్పుకోని, బస్సెక్కి వచ్చినా. వీధంతా మా ఇంట్లోనే. ఎవరికీ అనుమానం రాలే. "మద్రాసు కూడు పడలేదేమో, సగమైపోయి వచ్చింది పాపం" అని మటుకు అనిరి. సగమైపోయిన మాట నిజమే గదా అనుకోని లోపల్లోపల నవ్వుకున్యా. అదే నేను నవ్విన ఆఖరి నవ్వు!

మా అత్త ఊరుకుంటాదా? కోడలికి కన్నని తెలిసినప్పటి నుంచి ఆ మనిషికి కూర్చునే తీరికే లేదు. కంటికి మంచిదని పొద్దున పొన్నగంటాకు కూర, మధ్యాహ్నం పొన్నగంటాకు పప్పు, సంగట్లోకి పొన్నగంటాకు నూరిన ఊరుబిండి. పులుపొద్దు, కారమొద్దు, పొయ్యి కాడికి పోవద్దు, వెలుతురొద్దు. చీకటింట్లో మంచమేసి కూర్చోబెట్టె. కట్టు విప్పి నందివర్ధనం పూల రసం పిండె. నా కన్ను చూసి వీధి ఆడోళ్లు ముక్కున వేలేసుకోని, "ఎంత బాగ చేసినాడమ్మా మద్రాసు డాక్టరు! గీటు కూడా లేదే, పుట్టిన పిల్ల కన్ను మాదిరుండాది!" అనిరి. చెయ్యని ఆపరేషన్‌కి అంత మెప్పు! పాపం ఆ డాక్టరు చేసిన పనికి మాత్రం ఒగ మాట అనేటోళ్లు లేరు.

మూడో దినం తేనె పోసిరి. నిప్పు తొక్కిన కోతి మాదిరి ఎగిరినా. "మండితేనే పొర పోతాది" అంటాది మా అత్త. పొర లేదత్తా అని ఎట్ల చెప్పల్ల?

ఇంగ తల దువ్వే కత వినండి. చెయ్యెత్తగూడదు గదా. తలుపేసుకోని మా రెడ్డి దువ్వేవాడు. ఎద్దుల వీపు రుద్దే చెయ్యి అది, సగం వెంట్రుకలు దువ్వెనకే వచ్చేవి. ఒగ పొద్దు మా అత్త తలుపు తోసుకోని వచ్చింది. కొడుకు చేతిలో దువ్వెన, కోడలి జడ! చూసింది, నిలబడింది, ఒగటే మాట అనింది. "కంటికి చేస్తే చేతులు పడిపోతాయా అమ్మీ?" సాయంత్రానికి ఊరంతా ఇదే. మా రెడ్డి అరుగు మింద కూర్చుంటే ఎవడో, "ఏమన్నా, పూలు కూడా పెడ్తాండావా?" అని అడిగినాడంట. ఆ మనిషి నాలుగు దినాలు అరుగెక్కలే.

అంతటితో ఆగెనా! ఒగ దినం నీళ్లు పోసుకోని, తొందరలో గుడ్డ కట్టిచ్చుకోని బయటికొస్తి. ఓబుళమ్మ ఎదురింటి వాకిట్లోంచి తేరిపార చూసె. "వదినె, నిన్న ఎడమ కన్ను గదా?" అనె.

ఈ మొగుడు మహానుభావుడు కుడికంటికి కట్టినాడు! "రెండిటికీ చేసినారు వదినె, మార్చి మార్చి కట్టమన్యారు" అంటి.

అనకుండా ఉంటే ఎంత బాగుండు! ఆ పొద్దు నుంచి పూల రసం, తేనె రెండు కండ్లకీ పోసిరి.

ఇదంతా ఒగ ఎత్తు, మోపు కత ఒగ ఎత్తు. మా పల్లెలో ఒగ పద్ధతుండాది. కట్టెల మోపో, గడ్డి మోపో, నీళ్ల కడవో కింద పెట్టుకోని, "రవంత ఎత్తు" అని ఎవరన్నా అడిగితే, పగోళ్లయినా సరే, దగ్గరికి పోయి ఒగ చెయ్యేసి నెత్తికెత్తల్ల. కాదంటే మనిషే కాదు. ఇంగ నేనా, ఆ వీధిలో ఎత్తే దానికి పేరుపడిన దాన్ని. వీపు ఎంత నొచ్చినా, ఎంత మోపైనా ఒగటే ఊపు.

ఓబుళమ్మ మా వాకిలి ముందరే గడ్డి మోపు దించుకుంది. రవంత ఆయాసం తీర్చుకోని, "వదినె, రవంత ఎత్తు" అనె.

చేతులు రెండూ ఎనక్కి పెట్టుకోని, "చేత కాదు వదినె" అంటి.

"చేత కాదా? నేనెత్తమనింది చేతుల్తో, కండ్లతో కాదు."

"కాదంటాండా గదా. ఇంగెవరినన్నా పిలుచుకో."

ఓబుళమ్మ ఆ మోపు మిందే కూర్చుంది. మా ఇంటికి ఎదురుగా, నన్నే చూస్తా, ఎవరో ఒగరు దోవన వచ్చి ఎత్తేదాకా అట్లనే కూర్చుంది. నేను లోపలికి పోతే తప్పు చేసినట్టు, నిలబడితే సిగ్గు లేనట్టు. గడప కాడ నిలబడి మాడిపోతి. మర్నాడు బావి కాడ ఒగటే మాటంట. "మద్రాసు నీళ్లు తాగొచ్చినాక మన మోపులు మైలయినాయి ఆమెకి." నేను! పదైదేండ్లు ఆ వీధి మోపులన్నీ ఎత్తిన దాన్ని! ఒళ్లు మండిపాయ. బావి కాడికి పోయి రైక విప్పి చూపిచ్చి రావల్లనిపించె. మా రెడ్డి కాళ్లు పట్టుకున్నంత పని చేసె. "ఇంగ పదైదు దినాలుమే, పండ్లు బిగబట్టుకో. కుట్లు ముఖ్యమా, మోపు ముఖ్యమా?" అన్యాడు. బిగబట్టుకున్యా.

అయితే ఓబుళమ్మ మనసు చెడ్డది కాదు. చెడ్డదయ్యింటే నేను బాగుపడుతాంటి! నాలుగు దినాలు మాట్లాడకుండా ఉండి, అయిదో దినం మధ్యాహ్నం తనంతట తానే వచ్చింది. ఎనకాల ఆమె కోడలు, చంకలో మూడు నెలల బిడ్డ.

"వదినె, నా కోపం నా మోపు కాడిది. నీ కండ్ల మింద నాకేం కోపం?" అనె. "తల్లిపాలకి మించిన కంటి మందు లేదు. మా కోడల్ని పిలుచుకోని వచ్చినా. రెండు కండ్లల్లో నాలుగు చుక్కలు పోపిచ్చుకో, ఏ పొరయినా దిగిపోతాది."

చూడండి నా కర్మ! రొమ్ముల బరువు దించుకునేకి మద్రాసు దాకా పోయి, కన్నని అబద్ధం చెప్తే, కంటికి మందు రొమ్ముపాలంట!

"వద్దు వదినె" అంటి. "వద్దంటే వద్దు. డాక్టరు ఏమీ పోయొద్దన్యాడు."

"తేనె పోసినప్పుడు లేని డాక్టరు ఇప్పుడొచ్చినాడా?" అనె మా అత్త. ఆ మనిషికి ఓబుళమ్మ ఎదురుగా మర్యాద పోతాందని బాధ. "పాలిచ్చే తల్లి ఇంటికొస్తే కాదంటారా? చిన్నపిల్ల మాదిరి మారాం చేస్తాంది. ఓబుళమ్మా, రవంత పట్టుకో."

అంతే! మంచం మింద వెల్లకిలా పడిపోతి. మా అత్త తల పట్టుకునె. నేను చేతులడ్డం పెడ్తానేమోనని ఓబుళమ్మ నా రెండు మణికట్లు పట్టుకోని, ఎత్తి, తల మీదుగా ఎనక్కి గుంజి, మంచం పట్టెకి అదిమిపెట్టె! ఆమె చెయ్యి ఎట్లాంటిది, రాగులు విసిరిన చెయ్యి. ఆ పచ్చిగా ఉండే చోట చుర్రుమనె. లోపల ఏందో పిట్టుమన్నట్టాయె. మద్రాసు మంచం, రబ్బరు గొట్టాలు, నెల్లూరామె వేలు, అన్నీ కండ్ల ముందర తిరిగె.

ఇంగ సిగ్గేంది, ఊరేంది!

"ఓయమ్మో! చేతులు వదలండే! నా కండ్లకేం కాలేదు! నాకి కంటి ఆపరేషనే కాలేదు! రొమ్ములు పెద్దవని కోసి తగ్గిచ్చినారే నాకి! కుట్లు తెగిపోతాండాయే ముండల్లారా!"

నా గొంతు మీకు తెల్సు గదా. బయట అరుగు మింద మా రెడ్డీ, కరణమయ్యా, ఇంగా ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు కూర్చోని, కర్నూల్ని రాజధాని చేసి డేరాల్లో ఆఫీసులు పెట్టినారని గంట సేపట్నుంచి గొంతులు చించుకుంటాండారు. ఒగ్గసారిగా రాజధాని మాట ఆగిపాయ. మా రెడ్డి దగ్గొకటే వినపడె.

లోపల మొదట నోరు తెరిచింది మా అత్త. ఏమనింది? నొప్పా అని అడిగిందా? లేదు! "కండ్లు కాదా? మరి నెల దినాలుగా నేను గట్లెంబడి తిరిగి పొన్నగంటాకు కోసుకోనొచ్చేది ఎవరి కోసమే?" అనె.

ఓబుళమ్మ మటుకు నా చేతులు వదిలేసి నా రైక చూసె. కింది పక్క కాసంత ఎర్రగా నెత్తురు. ఆమె మొగం పాలిపాయ. కింద కూలబడి ఒగటే ఏడుపు. "ముందే చెప్పకూడదా వదినె! చెప్పింటే మోపెత్తమంటానా? చేతులు గుంజుతానా? నా చేతుల్తో నేనే నిన్ను చంపేదాన్ని గదే!" నాకి ఏడుపొచ్చె. బిడ్డ కూడా ఏడ్చె. ఓబుళమ్మ కోడలు ఆ గొడవలో ఏం చెయ్యల్లో తెలీక బిడ్డకే పాలిచ్చుకుంటా కూర్చుంది. ఆ ఇంట్లో బుద్ధుండే మనిషి ఆ పిల్లొకటే.

మధ్యాహ్నం బస్సుకే కడపకి పరిగెత్తితిమి. డాక్టరమ్మ చూసి, శుభ్రం చేసి, "లోపలేమీ తెగలేదు. పైన రవంత తోలు విచ్చుకుంది. చీము లేదు. నీ అదృష్టం. ఇంకాస్త గట్టిగా గుంజి ఉంటే మద్రాసే" అనె. అప్పుడు ఊపిరి పీల్చుకున్యా.

ఆ పొద్దు నుంచి ఓబుళమ్మ మా నీళ్లు, మా కట్టెలు తనే మోసింది. నా జడ తనే అల్లింది. చెప్పింటే మొదటి దినం నుంచే మోసేది గదా! ఊరు నవ్వలేదా అంటే నవ్వింది. మొగోళ్లు నన్ను చూసి ఆకాశం చూసేవాళ్లు. ఆడోళ్లు నిప్పు కోసమనీ, మజ్జిగ కోసమనీ ఒగరెనక ఒగరు వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గిచ్చి అడిగేవాళ్లు. శానా నొప్పా అక్కా? ఎన్ని దినాలు పడుకోవల్ల? మచ్చలుంటాయా? వీపు నొప్పి నిజంగా పోయిందా? అన్నీ చెప్పినా. మచ్చలుంటాయి, పోవు. నొప్పి ఓర్చుకునేంతే, దురదే ఓర్చుకోలేం. ఏడుపొస్తాది, రానియ్యండి. చేతులెత్తగూడదు. ముఖ్యంగా ఇంట్లో నిజం చెప్పి పడుకోండి. దేవుడు చేతికి ఎముక లేకుండా ఇచ్చినాడని నవ్వేటోళ్లలో ఒగామె అయితే రెండు తూర్లొచ్చి అడిగిపాయ.

ఆరు వారాలు నిండిన దినం చేతులు రెండూ పైకెత్తి నా కొప్పు నేనే ముడేసుకున్యా. వాకిట్లో నిలబడి, అందరూ చూసేట్టు. వీపు నొప్పి లేదు, పుండ్లు లేవు. ఇంగ కష్టాలన్నీ తీరిపాయ అనుకున్యా.

తెల్లారి లేస్తే ఎడమ కన్ను తెరుచుకోలే! రెప్పలు రెండూ అతుక్కోని, పుసి, ఎర్రగా మిరపపండు మాదిరి వాచిపోయుండాది. నెల దినాలు అన్ని రసాలు పోస్తే, మురికి గుడ్డ కట్టి చీకట్లో పెడితే, ఏ కన్ను ఓర్చుకుంటాది? ఈ తూరి నిజంగానే కంటి డాక్టరు దగ్గరికి పోవల్ల. మా రెడ్డి చేన్లో పని అని రాలే. ఒగదాన్నే కంటికి గుడ్డ కట్టుకోని బస్సు స్టాపు కాడికి పోయినా.

"ఏమమ్మా, యాడికి?" అని అడిగె కరణమయ్య.

"కడపకయ్యా. కంటి డాక్టరు దగ్గరికి."

ఆయప్ప మీసం కింద నవ్వుకుంటా పక్కకి తిరిగె.

బస్సెక్కితే మా ఊరోళ్లే సగం. "అక్కా, ఈ తూరి ఏం తగ్గిచ్చుకునేకి?" అనె ఒగామె. బస్సు బస్సంతా నవ్వు! నాకి తిక్క లేసింది. "చూడండప్పా, నిజంగా కన్నే! చూడండి!" అని గుడ్డ పీకి చూపిస్తి. "అబ్బ, నిజం మాదిరే ఉండాదే! కారం రాసుకున్యావా వదినె?" అనె ఇంగొగామె. మా ఊర్లో నెల దినాలు ఏమీ లేని కంటికి ఆపరేషన్ అయిందంటే నమ్మిరి. ఇప్పుడు చీము కారే కన్ను ఎదురుగా పెడితే ఒగ్గరు నమ్మరే!

సీటు దొరక్క నా ఎనకాల నిలబడిన ముసలామె, మా ఊరామె కూడా కాదు, భుజం తట్టి మెల్లగా అడిగె. "నాతోనన్నా నిజం చెప్పు తల్లీ. ఏంది నీ బాధ?"

ఇంగ నా ఓపిక అయిపాయ. "మొలలు!" అని అరిచినా. "మొలలే! చాలునా?"

ఒగ్గరు నవ్వలే. అందరూ టక్కున నమ్మిరి! "అయ్యో పాపం, అందుకా దాచిపెట్టింది" అని ఒగామె. "కూర్చుంటే కష్టం గదా, లేసి నిలబడక్కా" అని ఇంగొగామె. కండక్టరు వచ్చి చెయ్యిపట్టి లేపి మరీ నిలబెట్టె. నా సీట్లో ఆ ముసలామె సర్దుకోని కూర్చుంది. కడపదాకా, ఒంటికన్నుతో, కడ్డీ పట్టుకోని, నిలబడే పోయినా!

కంటి డాక్టరు కడిగి, చుక్కల మందిచ్చి, "కంట్లో ఏమేం పోసుకున్నావమ్మా?" అని తిట్టి పంపిచ్చె. సాయంత్రం బస్సు దిగి ఇంటికొస్తిని. నాకన్నా ముందే మాట ఊరికొచ్చేసుండాది. వాకిట్లో మా అత్త, చేతిలో గిన్నె, గిన్నెలో ఉడకేసిన కందగడ్డ.

"రా అమ్మీ, తిను. మొలలకి ఇదే మందు, నెల దినాలు తినల్ల" అనె. నా తల నిమిరి, కండ్లల్లో నీళ్లు పెట్టుకోని, "పోనీలే, ఈ తూరన్నా నిజం చెప్పినావు" అనె.

తిన్యా. ఇంగేం చేయల్ల!